మెల్లగా లాగితే తెగని గొలుసు

పదకొండవ భాగం

పోయిన వారం మనోరమను తాండూరు ప్లాట్‌ఫారం మీద, భుజం గుంజుకుపోయే గుడ్డసంచితో నిలబెట్టి వదిలేశాం. ఇంకా అక్కడే నిలబెడితే మనకు పాపం తగులుతుంది. విచారణ పదకొండు గంటలకు. స్టేషన్ గడియారంలో అప్పటికే పది దాటింది.

నడుస్తూనే జరిగింది ఒకసారి తలుచుకుందాం. మొన్న జనవరి తొమ్మిదో తేదీ పొద్దున, చలికి వేళ్ళు కొంకర్లు పోతున్న వేళ, బండల గనిలో క్రేను గొలుసు తెగింది. రెండు టన్నుల రాయి కింద బీరప్ప అనే కూలి నలిగి చచ్చిపోయాడు. క్రేను తిప్పే తాజ్ మొహమ్మద్ మీద కేసు పెట్టారు. తెగిన గొలుసును వికారాబాదు పరీక్షాశాలకు పంపారు. ఇనుమూ రాయీ ఎంత బరువుకు ఓర్చుకుంటాయో తేల్చే ఆ సర్కారు శాలలో మనోరమ అసిస్టెంటు. గొలుసును యంత్రానికి తగిలించి లాగింది. ఎనిమిది టన్నుల దాకా తెగలేదు. ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టింది.

ఇంకేం, గని మేనేజరు బాల్‌రాజ్‌కు పండగే అయింది. ఎనిమిది టన్నులు మోసే గొలుసు రెండు టన్నులకు తెగిందంటే తప్పు గొలుసుదా, క్రేను తిప్పినవాడిదా? చిన్నపిల్లాడు కూడా చెబుతాడు కదా! అలా మనోరమ రాసిన నిజం ఒక మనిషిని జైలు గుమ్మం దాకా నడిపించింది.

ఆ సంగతి తెలిసిన రోజు నుంచి ఆమెకు అన్నం సయించలేదు. యంత్రం మీద తాను గొలుసును లాగింది ఇరవై నిమిషాల పాటు, చంటిపిల్లను ఉయ్యాల్లోంచి తీసినంత మెల్లగా. గనిలో రాయి జారితే గొలుసును అంత మెల్లగా ఎవరు లాగుతారు? కన్ను మూసి తెరిచే లోపల పడుతుంది దెబ్బ. ఈ తేడా తెలిసీ తను ఆ పరీక్షతోనే ఎందుకు ఊరుకుంది? పై అధికారి 'ఇది చాలమ్మా' అన్నాడు, ఊరుకుంది. అంతే. అందుకే ఆయనకు చెప్పకుండా మళ్ళీ పరీక్ష చేసింది. ఈసారి దెబ్బ యంత్రం మీద. ఆ ఫలితమే ఇప్పుడు సంచిలో బరువుగా ఊగుతోంది.

గని ఆఫీసంటే రేకుల షెడ్డు. బయట సైడింగు మీద రెండు ఖాళీ వ్యాగన్లు, వాటి పక్కన గొలుసు లేని క్రేను. లోపల బల్ల వెనక హైదరాబాదు నుంచి వచ్చిన విచారణాధికారి, ఆయన పక్క కుర్చీలో బాల్‌రాజ్. విచారణాధికారి పక్క కుర్చీలో మేనేజరు కూర్చుంటే ఎవరికీ ఏమీ అనిపించదు గానీ, అదే కుర్చీలో ముద్దాయి కూర్చుంటే మాత్రం ఆకాశం విరిగిపడుతుంది కాబోలు. తాజ్ మొహమ్మద్ నిలబడే ఉన్నాడు. యాభై ఏళ్ళ మనిషి, ఈ నెల రోజుల్లో డెబ్భై ఏళ్ళవాడిలా అయ్యాడు. అతని భార్య దిల్షాద్ గుమ్మం బయట గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

గుమ్మం ఇవతల, నేల మీద, బీరప్ప పెళ్ళాం ఈశ్వరమ్మ కూర్చుని ఉంది. మనోరమ లోపలికి అడుగుపెడుతూనే ఆమె గొంతే వినిపించింది.

"తూ! నీ చేతులు పడిపోను! నా ఇల్లు ముంచి ఎట్ల నిలవడ్డవురా రాయి తీర్గ?"

తాజ్ మొహమ్మద్ తల ఎత్తలేదు. నెల రోజులుగా బజార్లో, బావి దగ్గర, ఎక్కడ కనిపిస్తే అక్కడ ఈ తిట్లే. ఒకరోజు దుమ్మెత్తి మొహాన కొట్టింది. అతను తుడుచుకోకుండా అట్లాగే ఇంటికి పోయాడని ఊరంతా చెప్పుకున్నారు.

"ఈమె ఎందుకొచ్చినట్టు సార్?" బాల్‌రాజ్ మనోరమను చూసి కుర్చీలో కదిలాడు. "రిపోర్టు వచ్చింది గద. సంతకం గూడ ఈమెదే."

"అందుకే వచ్చాను" అంది మనోరమ. "ఆ సంతకం నాది కాబట్టే వచ్చాను."

అధికారి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "మీ పై అధికారి పంపించారా?"

"లేదండి. ఒకరోజు సెలవు పెట్టి వచ్చాను."

"అంటే అనధికారికంగా."

"గొలుసు అధికారికంగానే తెగిందా అండి?"

గుమ్మం దగ్గర ఎవరో కూలీ కిసుక్కుమన్నాడు. అధికారి మొహం చిట్లించుకున్నాడు గానీ, 'చెప్పండి' అన్నట్టు చెయ్యి ఊపాడు. మరీ చెడ్డవాడు కాడు ఆయన. మధ్యాహ్నం రైలుకు తిరిగి వెళ్ళిపోవాలన్న తొందర ఒకటే ఆయన జబ్బు.

మనోరమ సంచిలోంచి వేలెడు పొడవున్న ఇనుప ముక్కలు తీసి బల్ల మీద పెట్టింది. గొలుసు కడియాలను కోసి చేసిన ముక్కలు. అన్నీ రెండుగా విరిగినవే.

"మా దగ్గర ఒక యంత్రం ఉందండి. పైనుంచి వేలాడే పెద్ద సమ్మెట. ఎత్తి వదిలితే ఊగుతూ వచ్చి ఈ ముక్కను కొడుతుంది. ముక్క గట్టి పిండమైతే విరిగేముందు సమ్మెట బలమంతా తాగేస్తుంది. సమ్మెట అలిసిపోయి అవతల కొంచెమే లేస్తుంది. ఈ ముక్కలను కొట్టినప్పుడు ఏమైందో తెలుసా? సమ్మెటకు దారిలో ఏదో తగిలిందన్న సంగతే తెలియలేదు. ఎంత ఎత్తు నుంచి వదిలానో దాదాపు అంత ఎత్తూ అవతలికి లేచింది. తొమ్మిది ముక్కలు కొట్టాను. తొమ్మిదీ అంతే."

"మరి ఎనిమిది టన్నులు ఎలా మోసింది?"

"మెల్లగా లాగాను కాబట్టి."

"లాగుడు లాగుడే గద!" అన్నాడు బాల్‌రాజ్. "మెల్లగ గుంజితే ఒక బలం, జల్ది గుంజితే ఒక బలం ఉంటదా ఇనుముకు? మాకు తెల్వదనుకుంటున్నవా అమ్మా? నేను పుట్టినకాడి నుంచి సూస్తున్న ఈ బండలను."

మనోరమకు ఒళ్ళు మండింది. అమ్మా అని పిలిచి చెంపదెబ్బ కొట్టే ఈ విద్య మగాళ్ళు ఎక్కడ నేర్చుకుంటారో! కానీ ఆమె జవాబిచ్చే లోపలే గుమ్మం దగ్గరి ముసలి కూలీ ఒకడు నోరు విప్పాడు. "ఉంటది సారూ. మ్యాకను కట్టేసిన తాడున్నది. మెల్లగ గుంజుతె దినమంత గుంజినా తెగది. బెదిరి ఒక్క దుంకు దుంకిందనుకో, పుటుక్కుమంటది. మ్యాకలోళ్ళను అడుగున్రి."

"నిన్నెవడు అడిగిండురా?" బాల్‌రాజ్ కసిరాడు.

"నేను అడిగాను" అంది మనోరమ. "సారుకు ఇక్కడే చూపిస్తాను. కొలిమి దగ్గరికి రండి. యంత్రం అక్కర్లేదు. సమ్మెట చాలు."

అధికారి గడియారం చూసుకుని, నిట్టూర్చి, లేచాడు.

కొలిమి షెడ్డు వెనకే ఉంది. కమ్మరి వెంకటయ్య వీళ్ళందరూ కట్టగట్టుకు రావడం చూసి తలపాగా సర్దుకున్నాడు. గనిలో ఉలులు, గడ్డపారలు, సమ్మెటలు, అన్నిటికీ అతనే దిక్కు. తుక్కు కుప్పలోంచి నిజాం కాలం నాటి పాత గొలుసు కడియం ఒకటి మనోరమ ఏరి తెచ్చింది. దాన్ని వైసులో బిగించి కొట్టమంది.

వెంకటయ్య సమ్మెట ఎత్తి కొట్టాడు. కడియం వంగింది. మళ్ళీ కొట్టాడు. ఇంకా వంగింది. మూడో దెబ్బకు కొయ్య విరిగినట్టు కాక, చెరుకు పిప్పి చీలినట్టు ఒక పక్క చీలి, అప్పటికీ తెగక పట్టుకుని వేలాడింది.

"ఇప్పుడు ఇది" అని సంచిలోంచి తెగిన గొలుసు తాలూకు కడియం ఇచ్చింది.

వెంకటయ్య దాన్ని చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగడం మనోరమ చూసింది. తర్వాత వైసులో పెట్టి కొట్టాడు. ఒకే దెబ్బ. టక్కుమని తెగి, ముక్క ఎగిరి రేకు గోడకు కొట్టుకుంది. అధికారి రెండడుగులు వెనక్కి వేశాడు. బాల్‌రాజ్ అయితే నాలుగు.

మనోరమ ముక్కను ఏరుకొచ్చి అధికారి అరచేతిలో పెట్టింది. విరిగిన చోట పటికబెల్లం పలుకుల్లాగా తళతళ మెరుస్తోంది.

"రాయి లేచేటప్పుడు జానెడు జారుతుంది సార్. ఏ గనిలోనైనా జారుతుంది, ఎంత పనిమంతుడు తిప్పినా జారుతుంది. మంచి గొలుసు ఆ కుదుపును మింగుతుంది. ఇది మింగలేదు. పైగా ఆ పొద్దున చలి. చలికి ఇలాంటి ఇనుము ఇంకా పెళుసవుతుంది. ఈ మనిషి అడ్డదిడ్డంగా తిప్పాడనడానికి ఈ కాగితంలో," ఆమె తన పాత నివేదికను వేలితో కొట్టి చూపింది, "ఒక్క ముక్క సాక్ష్యం లేదు. నేను రాసిందే, నేనే చెబుతున్నాను."

కొలిమి బయట దిల్షాద్ 'యా అల్లా' అని గట్టిగా ఊపిరి వదిలింది. తాజ్ మొహమ్మద్ మొదటిసారి తలెత్తి చూశాడు. ఈశ్వరమ్మ మాత్రం ఏమీ అర్థం కానట్టు ఆ మొహం నుంచి ఈ మొహానికి చూస్తోంది.

అధికారి ముక్కను తిప్పి తిప్పి చూశాడు. "అయితే గొలుసు నాసిరకం. అమ్మిన కంపెనీది తప్పు."

"గదే సార్, నేను గూడ గదే అంటున్న!" బాల్‌రాజ్ అందుకున్నాడు. ఐదు నిమిషాల క్రితం తాజ్ మొహమ్మద్‌ది తప్పన్న నోరే అది! గాలి ఎటు వీస్తే అటు తూర్పారబట్టడం కొందరికి పుట్టుకతో వస్తుంది.

మనోరమ అక్కడితో ఆగి ఉంటే? తాజ్ మొహమ్మద్ ఆ పూటే కేసు వదిలించుకుని ఇంటికి పోయేవాడు. ఏదో ఊరి కంపెనీకి ఒక ఉత్తరం పోయేది, దానికి జవాబు వచ్చేది కాదు, కథ కంచికి చేరేది. కానీ ఆమె ఆగలేదు. కోపంలో ఉన్న మనిషికి గెలుపు ఒక్కటే చాలదు, దొంగ దొరకాలి. ఆ దొంగ ఎవరో తనకు తెలుసనుకుంది.

"కంపెనీది కాదు సార్. ఈ గొలుసు రెండేళ్ళు పనిచేసింది. మొదట్నుంచీ ఇట్లాంటిదైతే మొదటి చలికాలమే తెగేది." ఆమె కొలిమి పక్కనున్న ఆకురాయి తీసుకుని ముక్క మీద రుద్దింది. ఆకురాయి పట్టలేదు, గాజు మీద జారినట్టు జారింది. "చూడండి. ఉలి మొనలా ఉంది. దీన్ని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచారు. పదును పెట్టారు సార్! ఉలికి పెట్టాల్సిన పదును గొలుసుకు పెట్టారు. గట్టిపడింది, నిజమే. అందుకే మెల్లగా లాగితే ఎనిమిది టన్నులు మోసింది. గట్టిపడింది కాబట్టే దెబ్బకు ఆగలేదు."

ఆమె వెంకటయ్య వైపు తిరిగింది. ఇంటి భాష దానంతటదే వచ్చేసింది. "వెంకటయ్య మామా, నువ్వే పెట్టినవ్ గద పదును?"

వెంకటయ్య సమ్మెట కింద పెట్టాడు. "నేనే పెట్టిన బిడ్డా. ఏటా దసర ముందట గొలుసును పిడకల మంట్ల కాల్చి, గా బూడిదెలనే రెండొద్దులు పండవెడ్తం. గీ ఏడు బూడిదెల పెట్టలే. నీళ్ళల్ల ముంచిన."

"ఎందుకు ముంచినవ్?"

"ముంచుమన్నరు."

"ఎవరన్నరు?" అంటూ మనోరమ చూపు తిన్నగా బాల్‌రాజ్ మొహం మీద వాలింది. "భయపడకు మామా. రెండొద్దులు క్రేను ఆగితే వ్యాగన్లు ఆగుతయని జల్ది చేయమన్నది ఎవరు? సారు ముంగట చెప్పు. ఎవడికో పని ఆగొద్దని, ఇంకొకడు పానం పోగొట్టుకున్నడు. చెప్పు!"

వెంకటయ్య నేల చూపులు చూశాడు. బాల్‌రాజ్ మొహం ఎర్రబడింది. "ఏయ్, ఏం మాట్లాడుతున్నవమ్మా? నాకేం తెలుసు గీ పదును గిదును?"

"తెల్వదా? గని నీది, గొలుసు నీది, తెల్వదా?"

"నేనే చెప్పిన."

ఆ మాట బాల్‌రాజ్‌ది కాదు. వెంకటయ్యదీ కాదు. అందరూ వెనక్కి తిరిగారు.

తాజ్ మొహమ్మద్ ముందుకు వచ్చాడు. "నేనే చెప్పిన అమ్మా. ఆయనకు తెల్వదు. ఖుదా కసమ్, నేనే."

మనోరమ చేతిలో ఆకురాయి అట్లాగే ఉండిపోయింది.

"గొలుసు సాగింది" అన్నాడతను, ఎవరినీ చూడకుండా. "కడీలు పొడుగయినయి. క్రేను గిర్ర పండ్లల్ల కూసుంటలేవు, ఎగిరెగిరి పడుతున్నయి. రాయి ఎప్పుడు ఎవని మీద పడ్తదో అని రోజూ ఫికరే. కొత్తది తెప్పియ్యిన్రి అని సారును మూడు మాట్ల అడిగిన. వానకాలంల ఒకపారి, పీర్ల పండగప్పుడు ఒకపారి, దసర ముందట ఒకపారి. జర ఆగు, జర ఆగు అన్నడు. ఇగ నేను ఆలోచన చేసిన. ఉలి మెత్తగైతె ఏం చేస్తం? పదును పెడ్తం. పెడితె నిలవడ్తది. గొలుసు గూడ ఇనుమే గద, పదును పెడితె సాగకుంట నిలవడ్తదనుకున్న. నిలవడ్డది గూడ అమ్మా! మూడు నెల్లు ఒక్క ఇంచు సాగలే. మస్తు ఖుషీ అయిన. బీరప్పకు నేనే చూపిచ్చిన, సూడు తమ్మీ, ఎట్ల బిగిసిందో అని."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే కదా! అతన్ని విడిపించడానికి వచ్చిన మనిషే అతని మెడకు ఉరి అందించింది. అరగంటగా ఆమె తిట్టిన తిట్లన్నీ, చూపిన చూపులన్నీ ఈ ముసలాయనకే తగిలాయి. ప్రాణాలు కాపాడాలని, తనకు తెలిసిన ఒకే ఒక్క విద్యతో ప్రయత్నించిన మనిషికి!

బాల్‌రాజ్ తేరుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. "విన్నరు గద సార్! ఆయన నోటితోనే చెప్పిండు. నాకు చెప్పకుంట, నన్ను అడగకుంట గని సామాను ఖరాబ్ చేసిండు. మనిషిని చంపిండు. రాసుకోన్రి."

"మూడుసార్లు అడిగిండు గద!" మనోరమ అరిచింది. "కొత్త గొలుసు తెప్పియ్యమని మూడుసార్లు అడిగిండు గద! అది గూడ రాయాలె!"

"ఏది, కాయితం ఏది? అర్జీ పెట్టుకున్నడా? నా కాడికి మంది మస్తు వస్తరు, మస్తు అడుగుతరు."

"చదువు రాని మనిషి నోటితో కాక దేనితో అడుగుతడు?"

"గట్లయితే నేను గూడ అంట, ఆయన అడగలేదని. నా నోరు నోరు కాదా?"

చూశారా న్యాయం! కూలీ నోటిమాటకు కాగితం కావాలి, మేనేజరు నోటిమాటే కాగితం. మనోరమ అధికారి వైపు చూసింది. ఆయన చూపు అప్పటికే ఫైలు మీద ఉంది. కొలిమి పక్కన దుంగ మీద ఫైలు పెట్టుకుని, కలం మూత తీసి, రాయడం మొదలుపెట్టాడు.

"గొలుసు ఎందుకు మార్చలేదన్నది వేరే విషయం" అన్నాడు తల ఎత్తకుండా. "నా విచారణ గొలుసు ఎందుకు తెగిందన్నదాని వరకే. మనోరమ గారూ, సూటిగా ఒకే ప్రశ్న. ఈ గొలుసు తెగడానికి కారణం దాన్ని కాల్చి నీళ్ళలో ముంచడమేనా? ఔనా, కాదా?"

"ఔనండి, కానీ..."

"ఔను అన్నారు. చాలు."

"కానీ సాగిన గొలుసు పదును పెట్టకపోయినా ఏదో ఒకరోజు..."

"ఏదో ఒకరోజు జరిగేదాన్ని నేను రాయలేను. జరిగిందే రాస్తాను. మీరు తొమ్మిది ముక్కలు పరీక్షించి చెబుతున్నారు, మీ మాట కాదనడానికి నేనెవర్ని?" ఆయన రాసినది చదివి వినిపించాడు. ముద్దాయి తాజ్ మొహమ్మద్, యాజమాన్యానికి తెలియజేయకుండా, గొలుసును కాల్పించి నీట ముంచినందువల్ల అది పెళుసై తెగిందని పరీక్షాశాల ఉద్యోగిని నిర్ధారించారు.

ఒక్క అక్షరం అబద్ధం లేదు. మొదటి నివేదికలోనూ లేదు. ఎనిమిది టన్నులూ నిజమే, నీళ్ళూ నిజమే. అడిగేవాడు తనకు కావలసినంతే అడిగితే చెప్పేవాడి నిజం ఎవడి చేతిలో కత్తి అవుతుందో మనోరమకు రెండోసారి తెలిసొచ్చింది. మొదటిసారి తెలియక చేసింది. ఈసారి రైలు టికెట్టు కొనుక్కుని మరీ వచ్చి చేసింది.

దిల్షాద్ లోపలికి వచ్చి మొగుడి చెయ్యి పట్టుకుంది. ఏడవలేదు. మనోరమ వంక ఒక్కసారి చూసింది, అంతే. తిట్టినా బాగుండేది.

"ఇక్కడ సంతకం పెట్టండి" అని అధికారి కలం చాచాడు. "నాకు రైలుకు వేళవుతోంది."

అప్పుడు లేచింది ఈశ్వరమ్మ.

ఇంతసేపూ కొలిమి గుంజకు ఆనుకుని కూర్చున్న మనిషి. ఎవరూ ఆమె వైపు చూడలేదు. మొగుడు చచ్చిన ఆడది ఏడుస్తుంది, తిడుతుంది, ఇంకేం చేస్తుందని అనుకున్నారేమో. ఆమె కొలిమి పక్కనున్న రాతి తొట్టి దగ్గరికి పోయి, అందులోకి వంగి చూసింది. అడుగున కాసిన్ని నల్లటి నీళ్ళు ఉన్నాయి.

"వెంకటయ్యా" అంది. "గొలుసు ముంచింది గీ తొట్లనేనా?"

"గీ తొట్లనే అక్కా."

"దసర ముందటి శుక్రారం?"

వెంకటయ్య తల ఊపాడు. ఊపి, ఏదో గుర్తొచ్చినట్టు గబుక్కున మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నువ్వే అన్నవ్ గద నాతోని, అక్కా, తొట్టి నిండ నీళ్ళు కావాలె, సల్లటియి కావాలె, బాయిలకెల్లి అప్పటికప్పుడు తేవాలె అని." ఈశ్వరమ్మ అధికారి వైపు తిరిగింది. తిట్టే గొంతు కాదది. లెక్క చెప్పే గొంతు. "గనికి నీళ్ళు మోసే పని నాది సారు. పొద్దట్నించి మోసిన. పదిహేడు బిందెలు. ఎండకు నీళ్ళు ఎచ్చగైతున్నయని తడి గోనె కప్పి తెచ్చిన. మా ఆయన గూడ వచ్చి రెండు బిందెలు అందుకున్నడు. మంచిపని చేస్తున్నం, గొలుసు గట్టివడ్తది, ఇగ బయం లేదన్నడు."

తాజ్ మొహమ్మద్ ముందుకు వచ్చాడు. "ఈశ్వరమ్మా, వద్దు. గట్ల అనకు. నీళ్ళది ఏమున్నది, చెప్పింది నేను."

ఆమె అతని మాట విననే లేదు. నెల రోజులుగా దుమ్మెత్తి పోసిన ఆ మొహాన్ని కళ్ళు పెద్దవి చేసుకుని ఒకసారి చూసింది. తర్వాత తిన్నగా మనోరమ దగ్గరికి వచ్చింది. నీళ్ళు మోసి మోసి బండబారిన చేత్తో ఆమె మణికట్టు పట్టుకుంది.

"సదువుకున్నదానివి బిడ్డా. మిషిన్ల వెట్టి సూసినవ్. నాకు దాపరికం వద్దు. నీళ్ళు పోసినందుకే తెగిందా? నేను మోసిన నీళ్ళకేనా నా మొగడు సచ్చింది?"

"మనోరమ గారూ, సంతకం" అన్నాడు అధికారి. "ఇందాక ఔను అన్నారు కదా."

అన్నది. ఆయన అడిగితే ఒక్క క్షణం కూడా పట్టలేదు. అదే ప్రశ్న ఇప్పుడు ఈమె అడుగుతోంది. జవాబు మారలేదు, ఇనుమూ మారలేదు, తొమ్మిది ముక్కలూ ఆఫీసు బల్ల మీద అట్లాగే ఉన్నాయి. మనోరమ కలం అందుకోలేదు.

ఈశ్వరమ్మ ఆమె చెయ్యి వదలకుండానే, కొలిమి బూడిదలో, ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది.

"నువ్వు చెప్పేదాక నేను ఈడికెల్లి లేవ బిడ్డా" అంది.